పంచాంగం కంటే ముందే వచ్చే వసంతం

పంచాంగం లెక్కన వసంత ఋతువు చైత్ర శుద్ధ పాడ్యమి నాడు, అంటే ఉగాదితో మొదలై వైశాఖ మాసాంతం వరకు నడుస్తుంది. కాని దక్కను పీఠభూమి మీద, సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో చెట్లూ గాలీ ఆ లెక్కను అంతగా పాటించవు. మాఘ మాసం సగం గడిచేసరికి రాత్రి చలి వెనక్కి తగ్గుతుంది, ఫాల్గుణంలో మోదుగులు ఆకు రాల్చి పువ్వు తొడుగుతాయి, మామిడి పూత నిలదొక్కుకుని పిందె కడుతుంది, వేప లేత చిగురు వేస్తుంది. తీరా చైత్రం వచ్చేనాటికి పగటి ఎండ 37, 38 డిగ్రీలకు చేరుతుంది. వైశాఖంలో వడగాడ్పు తప్ప వసంతమనదగినది ఏదీ ఈ నగరంలో మిగలదు. అందువల్ల పంచాంగం శిశిరమని పేర్కొనే మాఘ ఫాల్గుణాలే ఇక్కడ అసలైన తొలి వసంతం. వానకు వెరవకుండా, చలికి శాలువా కప్పుకోకుండా, ఉక్కపోతకు విసనకర్ర వెతుక్కోకుండా పొద్దుపోయేదాకా ఆరుబయట కూర్చోగల సాయంకాలాలు ఏడాది మొత్తంలో ఈ ఆరేడు వారాలలోనే వరుసగా దొరుకుతాయి.

ఆ సాయంకాలాలలో నగరం చేసే పనిని కొంచెం శ్రద్ధగా గమనించటం అవసరం. మిగిలిన కాలమంతా కళ నాలుగు గోడల మధ్య, తెలిసినవారి ఎదుట జరుగుతుంది. కచేరీకి సంగీతజ్ఞులు, నృత్యానికి నృత్యం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు, కవిసభకు కవులు వస్తారు. తొలి వసంతంలో మాత్రం అది మైదానానికి, తోటకు, గుడి ప్రాంగణానికి, వీధికి వస్తుంది. అలా వచ్చినప్పుడు దానికోసం బయలుదేరని మనిషి, అటుగా పోతూ ఆగిపోయిన మనిషి, దానికి ఎదురవుతాడు. ఒక నగరపు కళాజీవితం ఎంత బలమైనదో తేల్చి చెప్పేది ఆ ఆగిపోయిన మనిషేననీ, అతడు ఆగటానికి చోటు మిగిల్చిన నగరమే వసంతోత్సవం చేసుకున్న నగరమనీ అనుకోవటానికి చరిత్రలో తగినన్ని ఆధారాలున్నాయి.

మన ప్రాచీన నాటకానికి వసంతంతో ఉన్న సంబంధం యాదృచ్ఛికమైనది కాదు. సంస్కృత నాటకంలో కథ మొదలయ్యే ముందు సూత్రధారుడు, అంటే ప్రదర్శనను నడిపించే ప్రధాన నటుడు, రంగం మీదికి వచ్చి ఏ సందర్భంలో ఏ నాటకం ఆడబోతున్నారో ప్రకటిస్తాడు. ఈ భాగాన్ని ప్రస్తావన అంటారు. కాళిదాసు రచించిన మాళవికాగ్నిమిత్రం వసంతోత్సవంలో ప్రదర్శించటానికి ఎంపికైనదని దాని ప్రస్తావనే తెలుపుతుంది. హర్షుడి రత్నావళి కూడా వసంతోత్సవానికి కూడిన సభ కోరికపై ఆడినదే. పైగా దాని మొదటి అంకంలోనే కౌశాంబీ నగరపు పౌరులు రంగుపొడులు చల్లుకుంటూ వీధులలో ఆడిపాడటాన్ని రాజు మేడ మీద నుంచి చూస్తాడు. వసంతోత్సవంలో ఆడిన నాటకంలోనే వసంతోత్సవం కనిపించటం ఇక్కడి విశేషం: ప్రేక్షకులు తాము బయట వీధిలో వదిలి వచ్చిన సంబరాన్నే మళ్లీ రంగం మీద చూశారు. తరువాతి కాలంలో శ్రీకృష్ణదేవరాయలు సంస్కృతంలో రచించిన జాంబవతీ కల్యాణం హంపీలో విరూపాక్షస్వామి చైత్రోత్సవానికి వచ్చిన జనం ఎదుట ప్రదర్శితమైంది. కవి చక్రవర్తే అయినా అతడి నాటకానికి వేదిక దొరికింది యాత్రికులు గుమికూడిన గుడి ముంగిటే.

తెలుగు దేశంలో వసంతోత్సవం పేరు చెప్పగానే కొండవీటి రెడ్డిరాజులలో కుమారగిరిరెడ్డి తలపుకు వస్తాడు. పద్నాలుగో శతాబ్ది చివరి పాదంలో రాజ్యం చేసిన ఈ ప్రభువు ఏటా వసంతోత్సవాన్ని ఎంతటి వైభవంతో జరిపించాడంటే కర్పూర వసంతరాయలు అన్న బిరుదు అతడి అసలు పేరుతో సమానంగా నిలిచిపోయింది. నాట్యశాస్త్రం మీద వసంతరాజీయం అనే గ్రంథం కూడా అతడి పేరిట ప్రసిద్ధమైంది. ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధ ద్రవ్యాలను సముద్రాల మీదుగా తెప్పించి అందించిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి; శ్రీనాథుడు తన హరవిలాసాన్ని ఆ సెట్టికే అంకితమిచ్చాడు. ఈ చిన్న వివరంలో ఎంతో చరిత్ర ఇమిడి ఉంది. ఉత్సవం రాజుది, వ్యయం రాజకోశానిది, కర్పూరమూ కస్తూరీ వర్తకుడివి, కావ్యం కవిది. ఈ ముగ్గురూ కలిసినప్పుడే కొండవీటి వీధిలో వసంతం కురిసింది. వారిలో ఎవరికీ మిగిలినవారు లేకుండా గడవదు. ఇరవయ్యో శతాబ్దిలో సి. నారాయణరెడ్డి కర్పూర వసంతరాయలు కావ్యంలో ఆ రాజునూ నర్తకి లకుమనూ మళ్లీ పాఠకుల ముందు నిలిపాడు. ఆ కావ్యకర్త జీవితంలో ఎక్కువ భాగం గడిపింది హైదరాబాదులోనే.

హైదరాబాదుకు తనదైన వసంత పరంపర కూడా పుట్టుకతోనే ఉంది. 1591లో ఈ నగరాన్ని నెలకొల్పిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ ఉర్దూలో విస్తారంగా కవిత్వం రాశాడు. దక్కనీ అంటే ఉత్తరాది నుంచి వచ్చిన భాష దక్షిణాది మాటలతోనూ పలుకుబడితోనూ కలిసి రూపొందిన భాష. అతడి కవితల సంపుటంలో బసంత్ మీద, అంటే వసంతోత్సవం మీద, పారసీకుల వసంత సంవత్సరాది అయిన నౌరోజు మీద, తొలకరి వానల మీద, పండుగల మీద, పండ్ల మీద కూడా కవితలున్నాయి. ఉత్తరాది దర్బారు భాషగా పారసీకమే వెలుగుతున్న కాలంలో ఒక సుల్తాను తన చుట్టూ ఉన్న జనం మాట్లాడే భాషలో, వారు జరుపుకొనే ఋతువును గురించి రాయటం మామూలు విషయం కాదు. అతడికి ముందు తండ్రి ఇబ్రహీం కులీ కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆ ప్రభువుకే అంకితమిచ్చాడు, తెలుగు నోళ్లలో ఆయన మల్కిభరాముడు అయ్యాడు. సంస్కృత పదాల జోలికి పోకుండా అచ్చతెలుగులో వెలసిన తొలి కావ్యం, పొన్నగంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర, ఆ ప్రభుత్వంలోని అధికారి అమీన్‌ఖానుకు అంకితమైనదే. రెండు భాషల సభలు ఒకే నేల మీద పక్కపక్కన కూర్చున్న ఆ కాలాన్ని గుర్తుంచుకోకపోతే ఇప్పటి నగరంలో మార్చి నెల ఎందుకు రెండు భాషల్లో గడుస్తుందో సరిగా అర్థం కాదు.

ఈనాటి నగరంలో తొలి వసంతానికి ద్వారం తెరిచేది, చిత్రంగా, ఒక సంత. నాంపల్లి మైదానంలో ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి నడిమి వరకు సాగే నుమాయిష్, అంటే పారిశ్రామిక ప్రదర్శన, 1938లో ఉస్మానియా పట్టభద్రుల పూనికతో పబ్లిక్ గార్డెన్స్‌లో కొద్దిపాటి అంగళ్లతో పుట్టింది. రాజ్యపు ఆర్థిక స్థితిగతులను సర్వే చేయటానికి కావలసిన సొమ్ము కూడబెట్టటం దాని తొలి ఉద్దేశం. 1946లో ఇప్పుడున్న చోటికి మారింది. దీన్ని కళోత్సవమని ఎవరూ అనరు. అయినా కాశ్మీరు శాలువాల అంగడి నుంచి మిర్చి బజ్జీల దుకాణం దాకా నడిచే కుటుంబం మధ్యలో వినిపించిన పాటకు కాసేపు నిలబడటం, కూర్చోటానికి కుర్చీ లేకున్నా చరణం పూర్తయ్యేదాకా కదలకపోవటం అక్కడ సహజంగా జరుగుతుంది. టికెట్టు కొన్నది చీరలు చూడటానికి, దొరికింది పాట. కళకు ఇంతకంటె నిజాయితీ గల పరీక్ష మరొకటి లేదు, ఎందుకంటే ఆ శ్రోతను అక్కడ కట్టిపడేసే మర్యాదగానీ మొహమాటంగానీ ఏదీ లేదు.

నుమాయిష్ ముగిసే రోజులకు అటూ ఇటూగా మహాశివరాత్రి వస్తుంది. మాఘ బహుళ చతుర్దశి నాటి ఈ పండుగకు జాగారం ప్రధానం; రాత్రంతా మేలుకొని ఉండవలసిన జనసమూహమే కళలకు తరతరాలుగా అతి పెద్ద ప్రేక్షకవర్గం. కాకతీయుల కాలపు శివకవి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలంలో శివరాత్రికి చేరిన భక్తుల ఆటపాటలను వర్ణిస్తూ తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు మొదలైన ఎన్నో పాటల రకాలను పేర్కొన్నాడు. ఆనాటి జానపద కళల గురించి తెలిసినదానిలో గణనీయమైన భాగం ఆ జాగారపు వర్ణన వల్లనే తెలిసింది. కాకతీయ గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప రచించిన నృత్తరత్నావళిలోని పేరిణి అనే వీరనృత్యం కూడా శివభక్తితో ముడిపడినదే. శతాబ్దాలుగా మరుగున పడిన ఆ నృత్యాన్ని ఆ గ్రంథంలోని లక్షణాలనూ రామప్ప గుడి శిల్పాల భంగిమలనూ ఆధారం చేసుకుని తిరిగి నిలబెట్టిన నటరాజ రామకృష్ణ తన పరిశోధనను పుస్తకంతో ముగించలేదు. 1985 శివరాత్రి నాడు రామప్ప గుడి ముంగిట వందలాది నర్తకులతో, జాగారానికి వచ్చిన అశేష జనం ఎదుట పేరిణిని ప్రదర్శింపజేశాడు. ఏసీ హాలులో పండితుల ఎదుట మొదట నిరూపించి, తరువాత ప్రజలకు చూపించే మార్గం ఆయనకు అందుబాటులో లేక కాదు. ఆ నృత్యం ఎవరి మధ్య పుట్టిందో వారి మధ్యనే మళ్లీ నిలబడాలన్న నిశ్చయం అందులో ఉంది. ఇవాళ హైదరాబాదులో శివరాత్రి సాయంత్రం గుడి ప్రాంగణాలలో పేరిణి ఆడే యువకులు ఆ నిశ్చయానికి వారసులు.

ఫాల్గుణ పున్నమికి ముందు రోజులలో తెలంగాణ పల్లెలలో పిల్లలు చేత కోలలు పట్టుకుని జట్లుగా ఇల్లిల్లూ తిరుగుతూ జాజిరి పాటలు పాడతారు. ఇంటివారు ఇచ్చే ధాన్యమో డబ్బో కూడబెట్టి కాముని పున్నమి నాటి కామదహనం, మరునాటి రంగుల పండుగ జరుపుకొంటారు. లంబాడీ తండాలలో హోలీకి స్త్రీలూ పురుషులూ వలయాలు కట్టి పాడే లెంగీ పాటలు మరొక సంపద. పల్లె నుంచి నగరానికి కూలికి, చదువుకు, ఉద్యోగానికి వచ్చినవారి వెంట ఈ పాటలు కూడా వచ్చాయి గాని, అపార్టుమెంటు గేటు దగ్గర కాపలాదారు ఆపినచోట జాజిరి జట్టు ఆగిపోయింది. ఇల్లిల్లూ తిరగటమే ప్రాణమైన కళకు గేటు లోపలికి అనుమతి లేకపోతే అది బతకదు; దాన్ని వేదిక ఎక్కించి పది నిమిషాలు ఆడించటం ఆదరణే అయినా, ఇంటి ముందుకు వచ్చిన పిల్లలకు దోసెడు బియ్యం పోయటంలో ఉన్న పాలుపంచుకోవటం అందులో లేదు. నగరం కోల్పోతున్నవాటిలో దీన్ని మొదటి వరుసలో లెక్కించాలి.

తొలి వసంతపు ఆరుబయలును పూర్తిగా తనదిగా చేసుకున్న కళాకుటుంబం సురభి. తోలుబొమ్మలాట ఆడుతూ ఊరూరా తిరిగిన మరాఠీ మూలాల కుటుంబాలు కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 1885లో కీచకవధ నాటకం ఆడటంతో ఈ నాటక పరంపర మొదలైంది. వనారస గోవిందరావు దానికి ఆద్యుడు. ఊరి పేరే సమాజం పేరైంది. ఒక దశలో ముప్ఫయికి పైగా సమాజాలుగా విస్తరించిన ఈ కుటుంబాలలో మిగిలినవారు చాలామంది ఇప్పుడు హైదరాబాదు పశ్చిమాన శేరిలింగంపల్లిలో నివసిస్తున్నారు. నాటకాలలో స్త్రీ పాత్రలను పురుషులు ధరించటమే ఆనవాయితీగా ఉన్న రోజులలో సురభి కుటుంబాలలో స్త్రీలే ఆ పాత్రలు ధరించారు. తల్లి చంకలో కృష్ణుడుగా మొదలైన బిడ్డ, ఆ తరువాత లవుడో కుశుడో ప్రహ్లాదుడో అయి, యౌవనంలో అభిమన్యుడై, నడివయసుకు హిరణ్యకశిపుడో ఘటోత్కచుడో కావటం అక్కడ ఒక జీవితపు సహజ క్రమం.

పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణం వంటి ఆరుబయట రంగస్థలం మీద సురభివారి మాయాబజార్ చూసినవారికి ఆ నాటకం పనిచేసే తీరు దగ్గరగా తెలుస్తుంది. వేదిక ముందు ఒక పక్కన హార్మోనియం, తబలా వాయించేవారు కూర్చుంటారు. వేదిక మీద ఒకదాని వెనుక ఒకటిగా చిత్రించిన తెరలు వేలాడుతుంటాయి, దర్బారు, అడవి, ద్వారకా నగరం, వీధి. ముందు తెర ఎదుట ఇద్దరు నటులు సంభాషణ నడుపుతున్నంతసేపట్లో వెనుక చడీచప్పుడు లేకుండా మరొక లోకం సిద్ధమవుతుంది. తెర లేచేసరికి అరణ్యం ఉన్నచోట సింహాసనం ఉంటుంది. తీగల మీద పాత్రలు గాలిలోకి లేస్తాయి, బాణం ఎదుటి బాణాన్ని ఆకాశంలో తాకి నిప్పులు రాలుస్తుంది, పొగ తొలగేసరికి ఒక పాత్ర స్థానంలో మరొకటి నిలబడి ఉంటుంది. వీటిని నాటకరంగంలో ట్రిక్కు సీన్లు అంటారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ రోజూ చూసే పిల్లవాడు వీటిని చూసి ఎందుకు కేక వేస్తాడన్నది ఆలోచించవలసిన ప్రశ్న. తాడు లాగేది మనిషేనని, ఆ తాడు ఒక్క క్షణం ఆలస్యమైతే అంతా చెడుతుందని వాడికి తెలుసు. ఆ క్షణం తప్పకుండా తన కళ్ల ముందే నెగ్గిందన్న సంతోషం తెరమీది బొమ్మ ఎప్పటికీ ఇవ్వలేదు. బి.వి. కారంత్ వంటి ఆధునిక దర్శకుడు సురభి నటులతో పనిచేసి, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకాన్ని బస్తీ దేవత యాదమ్మగా హైదరాబాదు మాటల్లోకి తెచ్చినప్పుడు, ఈ పరంపర పాతకథలకే పరిమితమైనదన్న అపోహ కూడా తీరిపోయింది.

ఈ ఋతువుకు ఉన్న శత్రువులలో ఎండది రెండో స్థానం, మొదటిది పరీక్షలది. ఇంటర్మీడియట్ పరీక్షలు ఫిబ్రవరి చివర లేదా మార్చి మొదట్లో, వాటి వెనుకనే పదో తరగతి పరీక్షలు మొదలవుతాయి. ఏడెనిమిదేళ్లు కూచిపూడి నేర్చిన అమ్మాయి తొమ్మిదో తరగతిలో గజ్జెలు విప్పి అటక మీద పెడితే, అవి తిరిగి కిందికి దిగటం అరుదు. చాలా ఇళ్లలో అరంగేట్రం, అంటే గురువు అనుమతితో శిష్యులు చేసే తొలి పూర్తి ప్రదర్శన, నాట్యానికి ఆరంభంగా కాక ముగింపుగా మారింది. పిల్ల చదువుతున్న ఇంట్లో పెద్దలు కూడా సభలకు రారు. కాబట్టి నగరంలో ఎన్ని లక్షల ఇళ్లున్నా, ప్రకృతి ఆరుబయట కూర్చోబెట్టే వారాలలో సగం ఇళ్లు తలుపులు వేసుకుని ఉంటాయి. తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగినదే. పరీక్ష ముందు సాయంకాలం ఒక గంట సంగీతం విన్నందువల్ల ఏ విద్యార్థీ వెనుకబడడన్న నమ్మకాన్ని వారికి కలిగించే బాధ్యత మాత్రం పాఠశాలలది, కళాశాలలది. ఆ బాధ్యతను అవి తీసుకోలేదు.

పరీక్షలు ఒకవైపు నడుస్తుండగానే హాళ్లలో సభల వరుస పెరుగుతుంది. రవీంద్రనాథ ఠాకూర్ శతజయంతి సందర్భంగా నిర్మితమై 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి, చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ ఈ నెలల్లో దాదాపు ఖాళీ లేకుండా ఉంటాయి. మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవం, దాని చుట్టూ నాటికల పోటీలు, పరిషత్తుల ప్రదర్శనలు జరుగుతాయి. పరిషత్తు అంటే నాటక సమాజాలను పిలిచి పోటీ పెట్టి బహుమతులిచ్చే సంస్థ. తెలుగు నాటకం గత శతాబ్దంలో ఊపిరి నిలుపుకున్నది ఎక్కువగా వీటి వల్లనే. ప్రవేశం ఉచితం. ఒక మహానగరంలో డబ్బు చెల్లించకుండా శాస్త్రీయ సంగీతం వినగలగటం, నాటకం చూడగలగటం గొప్ప సంగతి, దాన్ని తక్కువగా చూడకూడదు. అయితే ఉచిత సభకు కూడా ఒక మూల్యం ఉంది, దాన్ని కళాకారుడు చెల్లిస్తున్నాడు. ఆరు గంటలకు మొదలు కావలసిన కచేరీకి ముందు జ్యోతి ప్రజ్వలన, అతిథుల ఆహ్వానం, ఒక్కొక్కరి ప్రసంగం, శాలువా, పూలదండ, జ్ఞాపిక, ఫొటో అన్నీ ముగిసేసరికి ఎనిమిదవుతుంది. రాగం ఎత్తుకున్న గాయని మనసులో ఆఖరి బస్సు ఎక్కవలసిన శ్రోతల సంగతి మెదులుతుంది, ఆలాపన కురచవుతుంది. సన్మానించటం మంచి సంప్రదాయమే. కాని వినటం కంటె పెద్ద సన్మానం కళాకారుడికి లేదన్న ఎరుక సభ నిర్వాహకులలో కలగాలి. ఒక్కొక్క సభలో ప్రసంగాల సమయాన్ని సగానికి తగ్గిస్తే, ఆ ఋతువు మొత్తం మీద ఎన్ని రాగాలు పూర్తిగా వినిపిస్తాయో!

ఉగాదితో ఈ ఋతువు పతాక స్థాయికి చేరుతుంది. ఆ ఉదయం పంచాంగ శ్రవణం, అంటే కొత్త ఏటి వర్షపాతం, పంటలు, రాశిఫలాలు మొదలైనవాటిని సిద్ధాంతి చదివి వినిపించటం, ఆ వెనుకనే కవిసమ్మేళనం. రేడియో ప్రాభవం వెలిగిన రోజులలో ఆకాశవాణి ఉగాది కవిసమ్మేళనం కోసం తెలుగు ఇళ్లు ఎదురుచూసేవి. ఉగాది పచ్చడి ఆరు రుచుల గురించి, కోకిల గురించి, మావి చిగురు గురించి ఎన్ని వందల పద్యాలు వచ్చాయో లెక్కలేదు. వాటిలో చాలాభాగం ఒకదానికొకటి నకలులా ఉంటాయని విమర్శకులు అనటంలో అబద్ధం లేదు. అయినా సందర్భం కోసం కవిత్వం రాయించే ఆచారం భాషకు మేలే చేసింది: ఏడాదికి ఒక్కసారైనా కవి తన గదిలో నుంచి లేచి వచ్చి, ఎదుట కూర్చున్న మనిషి ముఖంలోకి చూస్తూ చదవవలసి వచ్చింది. పేలవమైన పద్యానికి అక్కడే, అప్పుడే తీర్పు దొరుకుతుంది. చప్పట్ల వేగంలో ఆ తీర్పు ఉంటుంది.

ఉగాది రోజుల్లో ఏర్పాటయ్యే సభలన్నిటిలో అవధానం దగ్గర ప్రత్యేకంగా ఆగాలి, ఎందుకంటే ప్రేక్షకుడు లేకుండా జరగటమే సాధ్యం కాని సాహిత్య ప్రక్రియ అది. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, కూర్చుంటారు. ఒకరు అర్థం పొసగని ఒక పాదాన్ని సమస్యగా ఇచ్చి దాన్ని పొసగేలా పద్యం పూర్తి చేయమంటారు. మరొకరు సంబంధం లేని నాలుగు పదాలిచ్చి వాటిని ఇమిడ్చి తాము చెప్పిన విషయం మీద పద్యం అడుగుతారు, అది దత్తపది. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని పలికే ప్రతి అక్షరానికీ తరువాత ఏ అక్షరం రాకూడదో నిషేధిస్తూ పోతాడు, అవధాని ఆ దారి మూతపడిన వెంటనే మరొక మాటను వెతుక్కుంటాడు. ఒకరు గంట కొడుతుంటే ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కలో ఉంచుకోవాలి. ఇవన్నీ నడుస్తుండగా అప్రస్తుత ప్రసంగి పచ్చళ్ల గురించో అత్తవారింటి గురించో కొంటె ప్రశ్నలు వేసి ఏకాగ్రతను చెదరగొట్టటానికి చూస్తాడు, అవధాని వాటికి నవ్వుతూనే జవాబు చెప్పాలి. ఒక్కొక్క పద్యం ఒక్కొక్క పాదంగా, నాలుగు చుట్లలో, నలుగురి మధ్యా సాగి, చివర ధారణలో అవధాని అన్నిటినీ కాగితం చూడకుండా మొదటినుంచి చివరివరకు అప్పజెబుతాడు.

దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంట కవులుగా ఊరూరా అవధానాలు చేసి ఈ విద్యకు తెచ్చిన ప్రచారం వల్లనే, పద్యం చదవటం రానివారు కూడా పద్యాన్ని గురించి పందెం కాసే స్థితి ఒక తరంలో ఏర్పడింది. నిషిద్ధాక్షరి నడిచే నిమిషాలలో సభను పరిశీలించాలి. అవధాని ఒక అక్షరం పలుకుతాడు, పృచ్ఛకుడు తరువాతి అక్షరాన్ని అడ్డగిస్తాడు, ముందు వరుసలోని ఉపాధ్యాయుడు ఇక ఏ మాట మిగిలిందా అని వేళ్లతో గణాలు లెక్కపెడతాడు, వెనుక వరుసలోని యువకుడు తనకు తోచిన పదాన్ని పక్కవాడి చెవిలో చెబుతాడు. అవధాని మూడో మాటను పలికేసరికి ఇద్దరూ ఒక్కసారిగా అరుస్తారు. ఆ క్షణాన సభలోని ప్రతి మనిషీ పద్యం కడుతున్నవాడే. కవిత్వాన్ని ముగిసిన వస్తువుగా అందుకోవటానికీ అది తయారవుతుండగా చూడటానికీ మధ్య ఎంత దూరముందో ఆ అరుపు చెబుతుంది. హైదరాబాదులో అవధానాలకు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వస్తున్నారు, అమెరికాలోని తెలుగు సంఘాల సభలలోనూ ఉగాది రోజుల్లో అవధానాలు జరుగుతున్నాయి. ఈ ఆసక్తి పాఠశాల తెలుగు పాఠంలోకి ఎలా చేరాలన్నదే మిగిలిన పని.

ఈ నగరంలో రెండు పంచాంగాలు పక్కపక్కన నడుస్తాయి. తెలుగు పంచాంగం చాంద్రమానాన్ని అనుసరిస్తూనే రెండు మూడేళ్లకొక అధిక మాసాన్ని చేర్చి ఋతువులతో సరిపెట్టుకుంటుంది, అందువల్ల ఉగాది మార్చి రెండో సగానికీ ఏప్రిల్ నడుమకూ మధ్యనే ఉంటుంది. హిజ్రీ పంచాంగంలో అధిక మాసం లేదు గనుక రంజాన్ ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతూ ముప్ఫయ్యేళ్లకు పైగా పట్టే ఒక చుట్టులో అన్ని ఋతువులనూ తాకుతుంది. ఈ మధ్య సంవత్సరాలలో అది తొలి వసంతానికి వచ్చింది. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాన్ పండుగ. 2025లో మార్చి 30న ఉగాది, మరునాడే రంజాన్ పండుగ. చార్మినార్ చుట్టూ రాత్రి మార్కెట్లు తెల్లవార్లూ మేలుకొని ఉన్న వారంలోనే మోండా మార్కెట్టులో వేపపువ్వు, మామిడాకులు రాశులు పోసి అమ్మారు. కవిసమ్మేళనం ఒక భాషలో, ముషాయిరా, అంటే ఉర్దూ కవులు వరుసగా చదివే సభ, మరొక భాషలో జరుపుకొనే నగరం ఇది. ముషాయిరాలో శ్రోత నచ్చిన పాదాన్ని మళ్లీ చదవమని కేక వేసి అడుగుతాడు, కవి మళ్లీ చదువుతాడు; తెలుగు సభలో ఒకప్పుడు ఉన్న వన్స్‌మోర్ కూడా అదే స్వభావం గలది.

కుతుబ్‌షాహీల తోటలో, లలితకళాతోరణంలో, లేదా శిల్పారామంలోని ఆరుబయట వేదిక మీద ఈ రెండు సభలను ఒకే సాయంత్రం, ఒక్కొక్క కవి తరువాత మరొక భాష కవిగా, అనువాదం చదివే మనిషి ఒకరిని మధ్యలో కూర్చోబెట్టి నడపటానికి పెద్ద వ్యయం అక్కరలేదు. హిజ్రీ లెక్క మరికొన్నేళ్లలో పండుగను చలికాలంలోకి తీసుకుపోతుంది, మళ్లీ ఈ కలయిక రావటానికి ఒక తరం పడుతుంది. కావలసింది నెలవంక కనిపించే వారానికి ముందే ఒక మైదానం కేటాయింపు, మెట్రో స్టేషను నుంచి నడిచి వచ్చేటంత దగ్గరలో. రాత్రి పది దాటాక ఇళ్లకు చేర్చే బస్సులు. వేదిక మీద కుర్చీలు కవులకు మాత్రమే. శాలువాలు లేకుండా రెండు మైకులు.